టీనేజీ పిల్లల తీరును సినిమాలు, రీల్స్ మారుస్తాయా, లేక సమాజంలో ఉన్నదే చూపిస్తాయా?

రెండూ అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నాకు తెలిసినంతలో మీడియా వల్ల అందరికన్నా ముందు మారేది పక్కనుండి చూసేవాళ్ళు. ఎందుకలా అంటున్నానో చెబుతాను.

2001లో తెనాలిలో ఇంటర్ మొదటి సంవత్సరం చదివేదాన్ని. మా ఊరి నుంచి రోజూ బస్సు. ఒకబ్బాయి బస్టాండు నుంచి కాలేజీ గేటు దాకా సైకిల్ మీద వెనకాలే వచ్చేవాడు. నాలుగు నెలలు అలాగే. ఒక్క మాటా మాట్లాడడు, వస్తాడంతే. బస్సు మార్చాను, దారి మార్చాను. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని టెన్షన్. అదంతా ఒక ఎత్తు, నా స్నేహితురాళ్ళ మాటలు ఒక ఎత్తు. "పాపం, ఎన్నాళ్ళని తిరుగుతాడే? ఒకసారి మాట్లాడితే నీ సొమ్మేం పోయింది?" అనేవాళ్ళు. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కాదు, నోట్సులు రాసిపెట్టేవాళ్ళు, జ్వరమొస్తే ఇంటిదాకా దింపేవాళ్ళు. అప్పట్లో వరసపెట్టి కాలేజీ ప్రేమకథలు వస్తుండేవి. హీరో వెంటపడతాడు, అమ్మాయి కసురుకుంటుంది, ఇంటర్వెల్ దాటేసరికి మెత్తబడుతుంది. వాళ్ళ దృష్టిలో నేను ఇంకా ఫస్టాఫ్‌లోనే ఉన్న హీరోయిన్ని.

ధైర్యం చేసి మా అమ్మమ్మకు చెబితే ఆవిడేం ఆశ్చర్యపోలేదు. "మా రోజుల్లోనూ కాలవ రేవు దగ్గర కాపు కాసేవాళ్ళు. వాళ్ళని పోకిరీ వెధవలనేవాళ్ళం" అంది. అంటే వెంటపడటం సినిమా నేర్పింది కాదు, అంతకు ముందే ఉంది. సినిమా మార్చింది దాని పేరు. పోకిరీ కాస్తా లవర్ అయ్యాడు. (2006లో 'పోకిరి' మహేష్ బాబు సినిమాకే పేరైపోయింది, అది వేరే ముచ్చట.) పేరు మారితే జాలి ఎటు పోవాలో కూడా మారిపోతుంది. మన చట్టంలో వెంటపడటాన్ని విడిగా నేరంగా రాసింది 2013లో, నిర్భయ ఘటన తర్వాత. వెంటపడి వేధించేవాళ్ళను పట్టుకునే పోలీసు షీ టీమ్స్ హైదరాబాద్‌లో వచ్చింది 2014లో. నా ఇంటర్ రోజుల్లో దాన్ని ఏమనాలో కూడా నాకు తెలియదు.

ఈ పక్కవాళ్ళ సంగతి నా ఊహే అనుకునేదాన్ని, ఫిజీ దీవుల గురించి చదివేదాకా. అక్కడ బొద్దుగా ఉంటేనే అందం, ఆరోగ్యం. నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే హార్వర్డ్ పరిశోధకురాలు అక్కడి హైస్కూలు అమ్మాయిల్ని అప్పుడొకసారి, 1998లో మరోసారి అడిగి చూశారు. సన్నబడాలని తిన్నది కక్కుకునే అలవాటు మొదటిసారి ఎవరిలోనూ లేదు, మూడేళ్ళ తర్వాత నూటికి 11 మందిలో కనిపించింది. అలాంటి చోట ఉన్నదాన్నే టీవీ చూపించిందని ఎలా అంటాం? నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం 2011లో వచ్చిన ఆవిడ మరో అధ్యయనం. ఆ అమ్మాయిలు తాము టీవీ ఎంత చూశారన్నది అటుంచి, వాళ్ళ స్నేహితురాళ్ళు ఎంత చూస్తారన్నదానికీ ఈ తిండి ఇబ్బందికీ సంబంధం కనబడింది.

అలాగని అంతా మీడియా నెత్తిన రుద్దితే కూడా కుదరదు. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధించారు. పిల్లలు మానేశారా? నెల తిరగకుండానే రీల్స్‌లో తేలారు. నలుగురి కంట పడాలన్న కోరిక ఆ యాప్ పుట్టించింది కాదుగా.

ఇప్పుడు నేను తొమ్మిది, పది తరగతులకు పాఠాలు చెబుతున్నాను. ఆ మధ్య ఒక పాత సినిమా సీను ప్రస్తావన వస్తే, వెనక బెంచీలోంచి ఒకబ్బాయే "టీచర్, అది స్టాకింగ్ కదా" అన్నాడు. ఎక్కడ విన్నావురా అంటే, పాత సీన్లను వెక్కిరిస్తూ చేసిన రీల్స్ చూపించాడు. నేనెన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ముప్పై సెకన్లలో ఎక్కింది. కాస్త కుళ్ళుకున్న మాట నిజం. అదే క్లాసులో, మెసేజ్‌కి రిప్లై ఇవ్వని అమ్మాయిని "యాటిట్యూడ్" అని ఏడిపించే గుంపు కూడా ఉంది. వాళ్ళకదీ ఫోనులోంచి వచ్చిందే.

అప్పట్లో నన్ను "పాపం" అని ఒప్పించబోయిన స్నేహితురాలు పోయినేడాది ఫోన్ చేసింది. పదో తరగతి చదివే వాళ్ళమ్మాయి ఇన్‌స్టాలో ఎవడో విసిగిస్తుంటే బ్లాక్ చేసి, తనే వచ్చి ఇంట్లో చెప్పిందట. ఆ సంగతంతా చెప్పి, కాసేపాగి, "అప్పుడు నేను నీతో అలా అన్నానా?" అని అడిగింది. అన్నావే అన్నాను.