పొర ప్రోటీన్‌ను దాని చోటికి ఎవరు చేరుస్తారు? మొక్కజొన్న కణాల్లో నేను చూసింది

ప్రశ్న: మొక్క కణంలో తయారైన పొర ప్రోటీన్ సరిగ్గా తను ఉండాల్సిన పొరకే ఎలా చేరుతుంది? దాని మీదే చిరునామా రాసి ఉంటుందని పుస్తకంలో ఉంది, నిజమేనా?

చిరునామా మాట సగమే నిజం. మిగతా సగం ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను.

మాది గుణుపురం, రాయగడ జిల్లా. ప్లస్ టూ పిల్లలకు బోటనీ ట్యూషన్ చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పోటీ పరీక్షకు ఇంగ్లిషు, ఇలా మూడు భాషల మధ్య నలిగే పిల్లలు. ఏటా ఎవరో ఒకరు ఇదే ప్రశ్న అడుగుతారు. అడిగిన ప్రతిసారీ నాకు 2008 గుర్తొస్తుంది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఆ ఏడాది వేరే ఊళ్లో ఒక ల్యాబ్‌లో మూడు నెలలున్నాను. నా పని ఒక్కటే. మొక్కజొన్నలో ఆక్వాపోరిన్లని నీటిని పొర దాటించే ప్రోటీన్లుంటాయి. వాటిలో పిప్1 అనే రకానికి జెల్లీ చేప నుంచి తెచ్చిన వెలిగే ప్రోటీన్‌ను తగిలించి, కణంలో ఎక్కడ పచ్చగా వెలుగుతుందో చూడాలి. నీటిని దాటించేది కాబట్టి కణం అంచున, ప్లాస్మాపొరలో ఉండాలి. అంచున పచ్చటి గీత కనిపిస్తే ప్రాజెక్టు అయిపోయినట్టే.

విత్తనాలను అట్టపెట్టెలో పెట్టి, ఆ పెట్టెను బీరువాలో దాచి, వెలుతురు తగలకుండా మొలకెత్తించాను. పాలిపోయిన పసుపు ఆకులు వచ్చాయి. వాటిని కొత్త బ్లేడుతో సన్నగా తరగాలి. బ్లేడు కాస్త మొద్దుబారినా కణాలు నలిగిపోతాయి. తరిగిన ముక్కలను ఎంజైములు కలిపిన నీళ్లలో వేసి గంటల తరబడి మెల్లగా ఊపితే కణకవచం కరిగి, కణాలు ఉడికిన సగ్గుబియ్యంలా గుండ్రంగా బయటికొస్తాయి. పిపెట్ కొన కత్తిరించి వెడల్పు చేసుకోకపోతే ఆ ఒరిపిడికే పగులుతాయి. అంత సుకుమారం. వాటిలోకి జన్యువును ఎక్కించి, ఒక రాత్రి ఆగి, మర్నాడు కాన్ఫోకల్ మైక్రోస్కోప్ కింద పెట్టాలి.

మైక్రోస్కోప్ మాకు దొరికేది రాత్రి తొమ్మిది నుంచి పది వరకే. చూశాను. అంచు చీకటిగా ఉంది. లోపల మాత్రం కేంద్రకం చుట్టూ ఉంగరంలా ఒక వెలుగు, అక్కడి నుంచి కణమంతా అల్లుకున్న వల, గట్టు మీద ఆరేసిన చేపల వలలాగా. అది ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్. చాలా పొర ప్రోటీన్లు పుట్టే చోటు. నా ప్రోటీన్ పుట్టిన చోటే ఆగిపోయింది.

గైడు సార్ చూసి "నీ కణాలు దెబ్బతిన్నాయి, మళ్లీ చెయ్యి" అన్నారు. మళ్లీ మొక్కలు, మళ్లీ బ్లేడు, మళ్లీ అదే వల. మూడోసారీ అంతే. రికార్డులో 'ఫెయిల్' అని రాసుకోమన్నారు. ఆ రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. మొక్కజొన్న గురించి అని చెబితే అమ్మకు అర్థం కాలేదు, ఇంటికి వచ్చేయమంది.

ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అక్క ఒకావిడ ఉండేది, పర్లాకిమిడి ఆవిడ. నా ఫొటోలు మూడూ పక్కపక్కన పెట్టి చూసి, "తమ్ముడూ, మూడుసార్లూ ఒకేలా వచ్చిందంటే కణాలు చావలేదు. నీ ప్రోటీన్ ఒంటరిగా కదలదురా" అంది. బెల్జియంలో ఒక బృందం 2007లో వేసిన పేపర్ ప్రింటు తీసి చేతిలో పెట్టింది. అందులో ఉన్నదీ నేను చూసిందీ ఒకటే. మొక్కజొన్న పిప్1 ప్రోటీన్లు ఒంటరిగా ఉంటే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోనే ఉండిపోతాయి. అదే కుటుంబానికి చెందిన పిప్2 కూడా అదే కణంలో తయారైతే, రెండూ జట్టు కట్టి ప్లాస్మాపొరకు వెళ్తాయి. నాలుగోసారి రెండు జన్యువులూ కలిపి ఎక్కించాను. అంచున సన్నటి పచ్చటి గీత, చేతి గాజులా గుండ్రంగా. పక్కనే ఇంకో కణం, దానికీ అదే గీత. గంట అయిపోయి తర్వాతివాళ్లు తలుపు కొడుతున్నా నేను లేవలేదు.

అందుకే చెబుతున్నాను, మీ పుస్తకంలో ఉన్న చిరునామా తపాలా కవరు మీద రాసినట్టు ఒకచోట, ఒకసారి రాసి ఉండదు. మొదటి మజిలీ మాత్రం నిజంగానే గుర్తును బట్టే తేలుతుంది. రైబోసోమ్ మీద ప్రోటీన్ ఇంకా తయారవుతుండగానే, నీరంటే పడని అమైనో ఆమ్లాల వరుస బయటికి రాగానే ఎస్‌ఆర్‌పీ అనే కణిక దాన్ని పట్టుకుని రైబోసోమ్‌తో సహా ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌కు లాక్కెళ్తుంది. అక్కడ సెక్61 అనే ద్వారం పక్కకు తెరుచుకుని ఆ వరుసను పొరలోకి జారవిడుస్తుంది. గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది ఈ గుర్తుల సిద్ధాంతానికే. మా పిల్లల కోచింగ్ పేపర్లలో ఆయన పేరు మాత్రమే అడుగుతారు. ప్రోటీన్ పూర్తికాకముందే దాని దారి నిర్ణయమవుతుందన్న అసలు అద్భుతం ఎవరూ అడగరు.

హరితరేణువుది వేరే లైను. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి వేయించిన చిన్న రైలు లైను మా పెద్దవాళ్లకు బాగా గుర్తు. అప్పట్లో పెద్ద లైను పెట్టె ఆ పట్టాల మీదికి ఎక్కేది కాదు, నౌపడాలో దిగాల్సి వచ్చేది. ఇదీ అలాంటిదే. కాంతిని పట్టే ప్రోటీన్ కణద్రవ్యంలో పూర్తిగా తయారై, టాక్, టిక్ అనే రెండు ద్వారాలు దాటి హరితరేణువులోకి వెళ్తుంది. అక్కడ ముందు భాగం కోసేస్తారు. లోపల మళ్లీ హరితరేణువుకు సొంతమైన ఎస్‌ఆర్‌పీ దాన్ని థైలకాయిడ్ పొర దగ్గరికి తీసుకెళ్లి ఆల్బ్3 అనే పొర ప్రోటీన్‌కి అప్పగిస్తుంది. ఒకే ప్రోటీన్‌ను రెండుచోట్ల ఇద్దరు చదువుతున్నారు చూడండి.

ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ ఎక్కిన వాటికీ అంతే. పొగాకు ఆకుల్లో 2002లో చేసిన ప్రయోగంలో, పొరలో గుచ్చుకునే భాగం 17 అమైనో ఆమ్లాల పొడవుంటే ప్రోటీన్ అక్కడే ఉండిపోయింది, 20 ఉంటే ప్రోటీన్లను సర్ది పంపే గాల్జీ వరకు వెళ్లింది, 23 ఉంటే ప్లాస్మాపొర చేరింది. రాత కాదు, పొడవు! ఇంకో మాట. మన పుస్తకాల్లో గాల్జీని కేంద్రకం పక్కన ఒక్కటంటే ఒక్క దొంతరగా గీస్తారు. అది జంతుకణం బొమ్మ చూసి గీసింది. మొక్క కణంలో గాల్జీ దొంతరలు చాలా ఉంటాయి, యాక్టిన్ తీగల వెంట కణమంతా తిరుగుతుంటాయి. బొమ్మ తప్పుగా ఉంటే పిల్లవాడి బుర్రలో ప్రయాణం ఎలా మొదలవుతుంది?

చేరాల్సిన పొర ఒక్కటే అయినా అందులో వైపులుంటాయి. మా వరి వేరు కణాల్లో ఎల్‌ఎస్‌ఐ1 అనే ప్రోటీన్ మట్టివైపు ఉండి సిలికాను లోపలికి తీసుకుంటుంది, ఎల్‌ఎస్‌ఐ2 అదే కణంలో లోపలివైపు ఉండి దాన్ని ముందుకు తోస్తుంది. ఎల్‌ఎస్‌ఐ1 కూడా ఆక్వాపోరిన్ల కుటుంబమే. ఊక కాలిస్తే మిగిలే బూడిదలో ఎక్కువ భాగం ఆ సిలికానే. ఇద్దరూ ఒకే వైపు చేరితే వరికి ఆ పని సాగదు.

నాకు కోపం తెప్పించే సంగతి కూడా ఒకటుంది. అరాబిడాప్సిస్ మొక్కలో పెరుగుదల హార్మోనును గుర్తించే బీఆర్‌ఐ1 అనే ప్రోటీన్ ఉంటుంది. ఒక అమైనో ఆమ్లం మారిన ఒక రకాన్ని ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోని తనిఖీ ఆపేస్తుంది, మొక్క మరుగుజ్జుగా ఉండిపోతుంది. తనిఖీ చేసే ప్రోటీన్లలో ఒకటి పాడైన మొక్కల్లో చూస్తే, ఆపేసిన అదే ప్రోటీన్ పొర చేరి పని చేసింది, మొక్క ఎత్తు పెరిగింది. పని చేతనైనదాన్నే గేటు దగ్గర ఆపారన్నమాట. కణాల్లో తనిఖీ అవసరానికి మించి కఠినమని నా గట్టి నమ్మకం.

పోయినేడు ఈ కథంతా చెప్పాక, వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, పిప్1ను పిప్2 తీసుకెళ్లింది సరే. మరి పిప్2ను ఎవరు తీసుకెళ్లారు?" అంది. ఎంత సంతోషమేసిందో! కొన్ని పిప్2 ప్రోటీన్లలో, మొదటి కొస దగ్గరే, రెండు ఆమ్ల గుణమున్న అమైనో ఆమ్లాలు మధ్యలో ఒకటి వదిలి ఉంటాయి. ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ నుంచి బయల్దేరే కోప్2 బుడగలు పట్టుకునేది అలాంటి గుర్తునే. ఆ గుర్తును చెరిపేస్తే పిప్2 కూడా వలలోనే చిక్కుకుంటుంది. బోర్డు మీద మూడు అక్షరాలు రాసి మొదటిదాన్నీ చివరిదాన్నీ తుడిచేశాను. ఆ అమ్మాయి కాసేపు చూసి, "అయితే మీ పిప్1కు ఈ గుర్తు లేదన్నమాట" అంది. లేదమ్మా, కానీ అది మూడుసార్లూ అక్కడే ఉండిపోవడానికి అదొక్కటే కారణం కాకపోవచ్చు అన్నాను.