కరోనా రోజుల్లో అందరి ప్రయాణాలూ ఒకేలా తగ్గాయా? రాజమండ్రిలో నేను చూసింది

2020 నాటి ఫోన్ లొకేషన్ లెక్కల్లో జనమంతా ఇళ్లలోనే ఉండిపోయినట్టు కనిపిస్తోంది, పేదా గొప్పా అందరూ ఒకేలా తిరగడం మానేశారా అని అడిగారు. లేదండి. నేను రాజమండ్రిలో ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. నా కళ్లతో చూసింది చెబుతాను.

మార్చి 25న లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో అందరం ఇంట్లోనే ఉన్నాం. తేడా బయటపడింది కొట్లు మళ్లీ తెరిచాక. నన్ను ఇంటి దగ్గరే కంప్యూటర్లో లెక్కలు చూసుకోమన్నారు. చీరలు విప్పి చూపించే అమ్మాయిలకి ఆ వీలేదీ? రాకపోతే ఆ రోజు జీతం లేదు. వాళ్లలో చాలామంది అనపర్తి, ద్వారపూడి, కడియం నుంచి సీజన్ టికెట్ మీద పాసింజరు బండిలో వచ్చేవాళ్లు. ఆ బళ్లు లేవు. మే 21న ఆర్టీసీ బస్సులు మొదలైనా సీట్లు తగ్గించి నడిపారు. ఇక మిగిలింది సర్వీసాటో. ఇద్దరికి మించి ఎక్కించొద్దన్నారు కాబట్టి, మిగతావాళ్ల కిరాయి కూడా ఆ ఇద్దరి మీదే పడేది. ఆటోవాళ్లని నేను తప్పుపట్టను. వాయిదాలు కొన్నాళ్లు ఆగి కట్టొచ్చని మారటోరియం ఇచ్చినా, ఆటో ఫైనాన్సు మీద వడ్డీ ఆగలేదు కదా.

ధవళేశ్వరం నుంచి వచ్చే ఒకావిడైతే ఆ కిరాయి ఇచ్చుకోలేక రానూ పోనూ నడిచేది. ఆ ఎండలో, మూతికి మాస్కుతో. వచ్చాక రోజంతా నిలబడే పని. ఆవిడ దగ్గరున్నది బటన్ల ఫోను. జనం ఎంత తిరిగారో చూపిస్తూ గూగుల్ 2020 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన రిపోర్టులు లొకేషన్ హిస్టరీ ఆన్ చేసుకున్న ఫోన్ల మీద ఆధారపడ్డవి. ఆవిడ నడక అందులో ఎక్కడా ఉండదు. ఇంట్లో కూర్చున్న నేను మాత్రం ఉంటాను! మీ ప్రశ్న చదవగానే నాకు బాధనిపించింది ఇందుకే.

2021 మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. సొంత బండి ఉన్నవాళ్లు పొద్దున్నే వచ్చి పని చూసుకుని పోయేవాళ్లు. బస్సు మీద, ఆటో మీద ఆధారపడ్డవాళ్లకి దారిలోనే సగం పూట గడిచిపోయేది.

జబ్బు తగ్గాక కూడా కొన్ని పాత స్థితికి రాలేదు. పాసింజరు బళ్లని ఎక్స్‌ప్రెస్ స్పెషళ్లుగా తిప్పారు. కనీస టికెట్ 10 రూపాయలుండేది 30 అయింది. సీజన్ టికెట్లూ వెంటనే ఇవ్వలేదు. పాత చార్జీ మళ్లీ వచ్చింది 2024 ఫిబ్రవరిలో. అప్పటికి కొందరిళ్లలో అప్పు చేసి సెకండ్‌హ్యాండ్ బండి కొనుక్కున్నారు. ఆడపిల్లలు ఎక్కువమంది ఉద్యోగమే మానేశారు. ఒకరిద్దరు కడియం నర్సరీల్లో కూలికి కుదిరారు, డబ్బు తక్కువైనా నడిచి వెళ్లే దూరమని. ప్రయాణాలు ఎంత తగ్గాయన్నదొక్కటే చూస్తే, వీళ్లు కూడా జాగ్రత్తపడి ఇంటిపట్టున ఉన్నవాళ్ల లెక్కలోకే వస్తారు.

మీరు దీని మీద ఏదైనా రాస్తుంటే, ఫోన్ లెక్కలతో సరిపెట్టకండి. ద్వారపూడి, అనపర్తి స్టేషన్లలో పొద్దుటి బండి టైముకి నిలబడి, అప్పట్లో దేని మీద వెళ్లారు, ఎంత పెట్టారు, ఏ పని వదులుకున్నారు అని అడగండి. ముఖ్యంగా ఆడవాళ్లని.