తలుపు మీద పేరు చెరపకు, కిరణ్

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్

చిరంజీవి కిరణ్‌ను బాబాయి ఆశీర్వదించి రాయునది.

మొన్న ఆదివారం వదిన మీ పిన్నికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. ఇంటి డౌన్ పేమెంట్ కోసం దాచిన డబ్బుతో నువ్వు 1969 షెవర్లే కమారో కారు కొంటున్నావట. అదీ రంగు వెలిసి, తలుపుల నిండా ఎవరివో పేర్లున్న పాత రేసు కారట. పిన్ని ఫోన్ పెట్టేసి నా వంక చూసింది. నాకు ఒక పక్క గుబులు. ఇంకో పక్క, మన ఇంట్లో ఇంకొకడికి ఈ కార్ల మీద ప్రాణం ఉందని తెలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. వాటి కింద రాసిన ముక్క కూడా చదివాను: "ఇంటికి తెచ్చాక మొత్తం ఊడదీసి, నార్వుడ్ ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా చేస్తాను బాబాయ్." ఆ ఒక్క ముక్క కోసమే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే నువ్వు "సరే బాబాయ్, సరే" అంటావు, నేను కోప్పడతాను, అసలు మాట మిగిలిపోతుంది.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. పగటి వెలుతురులో చూడు. లిఫ్ట్ మీదికి ఎక్కించి అడుగు చూడు. అయస్కాంతం తీసుకెళ్లు, రేకు బదులు పుట్టీ పూసిన చోట అది అతుక్కోదు. టైటిల్ కాగితం మీద అమ్మేవాడి పేరే ఉందో లేదో చూడు. బీమా ముందే ఒప్పుకున్న విలువకు చేయించు.

ఇంజిన్ సంగతి కొంచెం నిదానంగా విను. ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ ఈ సైజు కార్లలో 400 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజిన్ పెట్టకూడదని తనకు తానే గీత గీసుకుంది. టాక్సీలకూ పోలీసు కార్లకూ వాడే ప్రత్యేక ఆర్డరు పద్ధతి ఒకటుంది, కోపో అంటారు. కొందరు డీలర్లు ఆ దారిన 427 ఇంజిన్ పెట్టించుకున్నారు. నీ కారు అలా 427 పెట్టించిన 9561 నంబరు ఆర్డరుదని అమ్మేవాడు అంటున్నాడు. అయి ఉండొచ్చు. కానీ 1969 కమారో వీఐఎన్, అంటే కారు గుర్తింపు నంబరు, చూస్తే ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ అని తెలుస్తుందే గానీ ఏ వీ8 అన్నది తెలియదు. 307 అయినా 427 అయినా అంకెలు ఒకటే. అందుకే దొంగ కోపోలు అంత తేలిగ్గా పుడతాయి. వెనక యాక్సిల్ గొట్టం మీద బీఈ అన్న అక్షరాలున్నాయా చూడు. డీలరు కాగితం అడుగు. పాత ఫోటో అడుగు, వెనక తేదీ ఉన్నది. కాగితం లేని రేసు చరిత్ర ఉత్త కథ. కథ వినడానికి బాగుంటుంది, దానికి డబ్బు కట్టకు.

ఇంజిన్ బ్లాక్ మీద నంబరు కారుతో కలవడం లేదని దిగులుపడ్డావు. నీ ఫోటోలో ఆ చోట సీఈ అని ఉంది. అంటే అది వారంటీ కింద మార్చిన బ్లాక్. రేసుకు పోయిన కారు ఇంజిన్ బద్దలుకొట్టుకోవడంలో వింతేముంది? బ్లాక్ మీద పోత పోసిన తేదీ ఆ కాలందే అయితే అది ఆ కారు పడ్డ కష్టానికి సాక్ష్యం. మరి "అసలు నంబరు కొట్టించేస్తే సరి" అని ఎవరో సలహా ఇచ్చారన్నావే, వాడి గుమ్మం మళ్లీ తొక్కకు. బ్లాక్ ముందు చదును మీద ఫ్యాక్టరీ కోత యంత్రం వదిలిన సన్నటి గీతలుంటాయి. నంబరు మార్చాలంటే వాటిని అరగదీయాలి. అది దొంగ సంతకం, కిరణ్. మన ఇంట్లో ఎవరూ పెట్టలేదు, నువ్వు పెట్టకు.

అరగదీయడం గురించి నేనెందుకింత చెప్తున్నానో ఇప్పుడు చెప్తాను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

1988లో ఇక్కడి ఏడ్రియన్ ఊరి దగ్గర ఒక పొలం కొట్టంలో నాకు 1963 ప్లిమత్ కారు దొరికింది. 426 మ్యాక్స్ వెడ్జ్ అనే రేసు ఇంజిన్, మూడు గేర్లు, ముందు చక్రాల మీది రెక్కలూ బానెట్టూ అల్యూమినియంవి. తిన్నటి బాట మీద జరిగే డ్రాగ్ రేసుల్లో, సూపర్ స్టాక్ క్లాసులో పరిగెత్తిన కారు. తలుపుల మీద ఒక పెట్రోలు బంకు పేరు, కిటికీ పైన అంచున డ్రైవరు పేరు. రెండూ చేతి కుంచెతో రాసినవి, నీడ గీతలతో సహా. వెనక అద్దం మీద రేసులకు ముందు తనిఖీ చేసి అంటించిన స్టిక్కర్లు. నాకేమో అప్పుడు ప్రదర్శనల్లో మెరిసే కార్ల పిచ్చి. కొత్తదానిలా చేసేదాకా చేతులు ఊరుకోలేదు.

ఆ మరుసటి ఏడాది మీ నాన్న తెనాలి నుంచి వచ్చారు, బడి సెలవుల్లో. మే నెలాఖరు పొడుగు వారాంతం, మూడు రోజులు. నేను గ్యారేజీలో రంగు తీసే మందు పూసి గీకుతున్నాను. అన్నయ్య స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతూ చూస్తున్నాడు. కాసేపయ్యాక అడిగాడు: "ఎవరిదిరా ఆ పేరు?"

"ఎవరో అన్నయ్యా. ఎవరైతే ఏం?"

"బతికి ఉన్నాడా? అడిగావా?"

నేను జవాబు చెప్పలేదు. అప్పుడు అన్నాడు: "అమ్మ ఇత్తడి బిందె మీద పేరు కొట్టించి ఉంటుంది చూడు, చుక్కలు చుక్కలుగా, కింద తేదీ. పాతదయిందని తోమి తోమి ఆ పేరు అరగదీస్తావా?"

అది బిందె, ఇది కారు అన్నాను. నవ్వాను కూడా. ఆయన మళ్లీ మాట్లాడలేదు. సాయంత్రానికి రెండు తలుపులూ ఉత్త రేకు. గేర్ రాడ్ పక్కన నేల రేకు మీద దిమ్మలాంటి మందపాటి అతుకు ఒకటుండేది, వికారంగా ఉందని అదీ కోయించి కొత్త రేకు వేయించాను. ముందు రెక్క ఒకటి సొట్టపోయిందని పారేసి ఇనుపది పెట్టాను. రెండేళ్లకు కారు అద్దంలా తయారైంది. ప్రదర్శనలో బహుమతి కప్పు కూడా వచ్చింది.

తర్వాత ఒక ఆగస్టులో వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద జరిగే పాత కార్ల ఊరేగింపులో దాన్ని ఆపుకుని కూర్చున్నాను. ఒక ముసలాయన వచ్చి బానెట్ కింద తొంగి చూసి, ఇది డెట్రాయిట్ డ్రాగ్‌వే రేసు బాటలో పరిగెత్తిన ఫలానా కారా అని అడిగాడు. ఆయన చెప్పిన పేరు అదేనో కాదో నాకు గుర్తు రాలేదు. నా చేతులతో గీకిన పేరు. ఆ అతుకు సంగతీ ఆయనే చెప్పాడు: ఒక కారులో క్లచ్ పేలి నేల చీల్చుకుని వచ్చిందట, డ్రైవరు కాలు తృటిలో తప్పిందట, వారంలో అతుకేసి మళ్లీ పరిగెత్తించారట. "నీ కారులో అతుకుందా?" అన్నాడు. లేదన్నాను. "అయితే ఇది కాదులే" అని వెళ్లిపోయాడు.

1998లో పిల్లల కాలేజీ కోసం అమ్మేశాను. కొన్నవాడు కూడా అదే అడిగాడు, రేసు కారంటున్నావు, ఆనవాలేదీ అని. డబ్బు తగ్గినందుకు నాకు బాధ లేదు.

ఫిలడెల్ఫియాలో సిమియోన్ మ్యూజియం ఉంది, వెళ్లి రా. ఫ్రెడ్ సిమియోన్ అని మెదడు శస్త్రచికిత్స చేసే డాక్టరు పోగేసిన కార్లు. అందులో 1964 షెల్బీ కోబ్రా డేటోనా కూపే ఉంది, చేసినవి ఆరే, వాటిలో అదే మొదటిది. రేసుల్లో తగిలిన దెబ్బలూ పాత రంగూ అలాగే ఉంచారు. 2014లో అమెరికా చారిత్రక వాహనాల రిజిస్టరు మొదలైనప్పుడు మొట్టమొదట ఎక్కించింది ఆ కారునే. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. పిన్ని వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

అలాగని పాతదల్లా దాచమనడం లేదు. నీ ఫోటోల్లో వెనక చక్రాల గూళ్లు కోసి వెడల్పు చేశారు. అది 1970 ప్రాంతంలో స్లిక్ టైర్ల కోసం, అంటే గాడులు లేని వెడల్పు రేసు టైర్ల కోసం, చేసిందైతే ముట్టుకోకు. ఆ పెద్ద ప్లాస్టిక్ బానెట్ మాత్రం ఎనభైల్లో ఎవడో వీధుల్లో షోకు కోసం పెట్టినట్టుంది, తీసెయ్. ఏది ఎప్పటిదో తెలిసేదాకా స్పానరు పట్టకు. ప్రతి అంగుళం ఫోటో తీయి, రంగు పొరలు చూడు. ఏ ఒక్క రేసు సీజన్‌లోనో ఎలా ఉందో అలా నిలుపు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఆ కారు బతుకులో ఒక్క రోజే కదరా.

ఒక్కచోట మాత్రం నా మాటకు ఎదురు చెప్పకు. నాలుగు గేర్ల కారు, క్లచ్ నీ కాళ్ల పక్కనే తిరుగుతుంది. క్లచ్‌తో పాటు తిరిగే బరువైన చక్రం, ఆ పాత ఫ్లైవీల్ తీసేసి ఎస్ఎఫ్ఐ అనే రేసు భద్రతా సంస్థ ముద్ర ఉన్నది వేయి, పేలినా ముక్కలు బయటికి రాకుండా ఉక్కు కవచం, స్కాటర్‌షీల్డ్, బిగించు. పాతవి నూనె గుడ్డలో చుట్టి పెట్టెలో దాచు. 1970లో కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో పేరుమోసిన డ్రాగ్ రేసరు డాన్ గార్లిట్స్ అంతటివాడికి గేర్‌బాక్స్ పేలి కుడి పాదం ముందు భాగం పోయింది. ఇది చేయించేదాకా స్టార్ట్ చేయనని మీ అమ్మకు మాటివ్వు. నాకూ ఇవ్వు. వాన పడితే బయటికి తీయకు.

డబ్బు పంపే ముందు చెప్పు, డాలస్ వస్తాను. టార్చిలైటు నా దగ్గరుంది. పిన్ని ఆవకాయ కూడా పంపుతానంటోంది.

ఇంకొక పని. ఆ రోజు నేను గీకుతుంటే అన్నయ్య జేబులోంచి విమానం టికెట్టు కవరు తీసి దాని మీద ఏదో రాసుకున్నాడు. లెక్కలనుకున్నాను. ఇన్నేళ్లూ అడగడానికి మొహం చెల్లలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు. తెనాలి ఇంట్లో ఆయన కాగితాల పెట్టె వదిన పారేయలేదని తెలుసు. ఒకసారి అందులో ఆ కవరు ఉందేమో చూడమను. దాని మీద ఇంగ్లీషులో ఏదైనా పేరు కనిపిస్తే, ఏ వేళైనా సరే, నాకు ఫోన్ చెయ్యి. ఆ ప్లిమత్ ఇప్పుడెవరి దగ్గరుందో నాకు తెలుసు.

మీ బాబాయి