ఆ ఖాతా ఎవరి పేరున ఉంది?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. టీచర్‌ని. విడాకులై ఆరేళ్లయింది, ఒక బాబు. మ్యాట్రిమొనీ సైట్లో పరిచయమైన ఒకాయన దుబాయ్‌లో ఇంజనీరు, సొంతూరు గుంటూరు దగ్గర అని చెప్పారు. నాలుగు నెలలుగా రోజూ మాట్లాడుకుంటున్నాం. బాబు చదువు గురించి కూడా శ్రద్ధగా అడుగుతారు. పెళ్లికి ముందే అక్కడ ఇద్దరి పేరున సింగిల్ బెడ్‌రూం ఫ్లాట్ బుక్ చేద్దామంటున్నారు. బయానాలో నా వాటా 13 లక్షలు. బ్యాంకు ద్వారా పంపితే ఫారాలు, పన్ను అని గొడవ ఎక్కువట. ముంబైలో ఉన్న ఆయన స్నేహితుడి ఖాతాలో వేస్తే తాను అక్కడ దిర్హమ్‌లలో కట్టేస్తానన్నారు. పెళ్లి ఖాయమయ్యేదాకా మా అన్నయ్యకు చెప్పొద్దన్నారు. పంపొచ్చా?
– పేరు వద్దు, నిజామాబాద్ జిల్లా

జవాబు: పంపొద్దమ్మా. పత్రిక వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుందని మీ ఉత్తరం చదివిన రోజే మీకు విడిగా ఈ ముక్క రాశాను. మిగతాది అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో ఒక బ్యాంకులో 18 ఏళ్లు ఫారెక్స్ కౌంటర్‌లో కూర్చున్నాను. దుబాయ్ నుంచి వచ్చే పైసలూ, ఇక్కడి నుంచి వెళ్లే పైసలూ నా చేతి మీదుగానే నడిచేవి. డబ్బు పంపాక మేమిచ్చే స్విఫ్ట్ కాపీలో, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకు వెళ్లే సందేశం నకలులో, 59 అనే నంబరు ఒకటి ఉండేది. ఆ నంబరు పక్కన ఉండేది డబ్బు అందుకునేవారి పేరు. ప్రతి ఒక్కరికీ ఆ చోట వేలు పెట్టి చూపించి, ‘ఈ పేరు మీరు అనుకున్న పేరేనా?’ అని అడిగేదాన్ని. కౌంటర్ దగ్గరే ముఖం తెల్లబోయి, డబ్బు వెనక్కి రప్పించమని అడిగినవాళ్లు నాకు తెలుసు. మీ విషయంలో ఆ పేరు ఎవరిది? ఫ్లాట్ కట్టే కంపెనీది కాదు. మీకు కాబోయే భర్తది కూడా కాదు. మీరెన్నడూ చూడని ముంబై మనిషిది.

ఇక్కడ రూపాయల్లో ఒకరికి ఇచ్చి, అక్కడ ఇంకొకరి చేత దిర్హమ్‌లు కట్టించుకోవడాన్ని హవాలా అంటారు. 1999 నాటి ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ) చట్టం ప్రకారం అది నేరుగా మీ మెడకు చుట్టుకునే ఉల్లంఘన. పంపిన మొత్తానికి మూడింతల దాకా జరిమానా వేయవచ్చు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే మరీ ఇబ్బంది. పైగా రేపు ఆయన కాదంటే, ఆ 13 లక్షలు ఫ్లాట్ కోసమే ఇచ్చారనడానికి మీ దగ్గర ఒక్క కాగితం ఉండదు.

‘పన్ను గొడవ’ అన్నారు కదా, లెక్క చూద్దాం. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ఒక ఆర్థిక సంవత్సరంలో ఆస్తి కొనడానికి విదేశానికి పంపే డబ్బు 10 లక్షలు దాటితే, దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. మీరు ఈ ఏడాది ఇంకేమీ పంపకపోతే 3 లక్షల మీద 60 వేలు. అదీ పోయే డబ్బు కాదు. మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకుంటుంది, ఎక్కువైతే వాపసు వస్తుంది. ఫారమ్ అంటారా, ఏ2 అని ఒకటి నింపాలి. పది నిమిషాల పని. ఆయన మిమ్మల్ని తప్పించాలనుకుంటున్నది ఆ పది నిమిషాలనే.

దుబాయ్‌లో ఇంకా కట్టని ఫ్లాట్ కొనే పద్ధతి నిజానికి చాలా తేటగా ఉంటుంది. 2007లో వచ్చిన 8వ నంబరు చట్టం ప్రకారం ప్రతి ప్రాజెక్టుకూ విడిగా ఎస్క్రో ఖాతా (ఆ ప్రాజెక్టుకు తప్ప వేరేదానికి వాడకుండా కాపలా ఉండే బ్యాంకు ఖాతా) ఉండాలి, కొనేవాళ్ల డబ్బు అందులోకే వెళ్లాలి. ‘దుబాయ్ రెస్ట్’ అని అక్కడి ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వారి యాప్ ఉంది. ప్రాజెక్టు నమోదైందా, పని ఎంతవరకు వచ్చింది, మధ్యవర్తికి లైసెన్సు ఉందా అన్నవి మీ బడి స్టాఫ్ రూంలో కూర్చునే చూసుకోవచ్చు. కట్టడం పూర్తికాని ఫ్లాట్‌కు ‘ఊకూద్’ అనే నమోదు ఉంటుంది. మన దగ్గర రిజిస్ట్రేషన్‌కు ముందు అగ్రిమెంట్ లాంటిదే, కాకపోతే అది ప్రభుత్వ రికార్డులోనే ఎక్కుతుంది. అందులో మీ పేరు, మీ వాటా శాతం రాసి ఉండాలి. ఆయన్ని ప్రాజెక్టు పేరు, ఎస్క్రో ఖాతా నంబరు అడగండి. నిజమైతే రెండూ ఒక్క మెసేజ్‌లో వస్తాయి.

ఇక మనిషి సంగతి. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. పొద్దు కూడా మనకంటే గంట పైనే ఆలస్యంగా కుంకుతుంది. మన దగ్గర దీపాలు పెట్టాక అరగంటకు వీడియో కాల్ చేసి, మాటల మధ్యలో కిటికీ చూపించమనండి. అక్కడ ఇంకా పగటి వెలుతురు ఉండాలి. కిటికీ అవతల చీకటిగా ఉంటే ఆయన దుబాయ్‌లో లేరు. వెలుతురు ఉన్నంత మాత్రాన మంచివాడని కాదు, ఒక అబద్ధం తగ్గినట్టు, అంతే. ఆ తర్వాత అసలు పనులు. గుంటూరు దగ్గర ఏ ఊరో కనుక్కుని మీ అన్నయ్య వెళ్లి రావాలి. మీ జిల్లాలో దుబాయ్‌లో మనిషి లేని ఊరు దొరకదు. చుట్టాల్లోనో పక్కింట్లోనో ఒకరు ఒక సెలవు రోజు ఆయన్ని కలిసి, ఆయన పనిచేసే చోట టీ తాగి రావాలి. ఇంతకుముందు పెళ్లయి ఉంటే కోర్టు డిక్రీ కాపీ చూడాలి.

‘అన్నయ్యకు చెప్పొద్దు’ అన్న మాట దగ్గర నాకు చాలా భయమేసింది. పెళ్లి చేసుకోవాలనుకునేవాడు మీ వాళ్లను కలవాలని తొందరపడతాడు. ఆయన మంచివాడే అయితే ఈ విచారణలన్నిటినీ తట్టుకుని నిలబడతాడు, మీకూ ధైర్యం వస్తుంది. నలభైలో మళ్లీ తోడు కోరుకోవడం తప్పు కాదు తల్లీ. ఆ కోరిక మీద ఎవరూ బేరం పెట్టకూడదనే నా తాపత్రయం.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఒక హోటల్లో జరిగిన దుబాయ్ ప్రాపర్టీ ఎక్స్‌పోకు వెళ్లాం. 11 లక్షల దిర్హమ్‌ల ఫ్లాట్, నెలకు ఒక శాతం కడితే చాలు, గోల్డెన్ వీసా కూడా వస్తుందన్నారు. బుకింగ్ డబ్బు అక్కడికక్కడే క్రెడిట్ కార్డు మీద కట్టమన్నారు. ఆఫర్ ఆ రెండు రోజులే అంటే ఆగి వచ్చేశాను. తప్పు చేశానా?
– కొండాపూర్

జవాబు: ఆగి మంచి పని చేశారు తమ్ముడూ. ముందు వీసా మాట. ఆస్తి మీద గోల్డెన్ వీసాకు, అంటే అక్కడ దీర్ఘకాలం ఉండే అనుమతికి, కనీసం 20 లక్షల దిర్హమ్‌ల ఆస్తి ఉండాలి. 11 లక్షల ఫ్లాట్‌కు రాదు. అంత తేలిగ్గా తెలిసిపోయే అబద్ధం మొదటి పూటే చెప్పినవాళ్లు, మీకు తెలియని విషయాల్లో ఏం చెప్పి ఉంటారో ఆలోచించండి.

విదేశంలో ఆస్తి కొనడానికి మన డబ్బు వెళ్లే రాచబాట ఎల్‌ఆర్‌ఎస్. మన లేఅవుట్ల ఎల్‌ఆర్‌ఎస్ కాదు, విదేశానికి డబ్బు పంపుకోవడానికి ఆర్‌బీఐ పెట్టిన పథకం. మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు పరిమితి. భార్యాభర్తలిద్దరూ ఎవరి పరిమితి వాళ్లు వాడుకుని కలిసి కొనుక్కోవచ్చు. డబ్బు మీ సొంత ఖాతా నుంచి, ‘స్థిరాస్తి కొనుగోలు’ అని చెప్పి వెళ్లాలి. క్రెడిట్ కార్డు అప్పు. ఇలాంటి పెట్టుబడుల కోసం పంపే డబ్బుకు బ్యాంకులు అప్పివ్వకూడదని ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది. నెలనెలా వాయిదాల ఒప్పందం మీద, అందులోనూ తాళాలు ఇచ్చాక కూడా ఏళ్ల తరబడి సాగే వాయిదాల మీద సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని ఫెమా తెలిసిన సీఏకి చూపించండి. దాన్ని అప్పుగా లెక్కగట్టే ప్రమాదం ఉంది.

ధరకు పైన ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ఫీజు 4 శాతం. ఇల్లు చేతికొచ్చాక చదరపు అడుగుకు ఇంతని ఏటా సర్వీస్ చార్జీలు. అద్దె ఇంత వస్తుందని బ్రోచర్‌లో వేసే శాతంలో ఇవి కలిశాయో లేదో అడగండి. ఇక్కడ రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏ అనే విదేశీ ఆస్తుల పట్టికలో ఆ ఫ్లాట్ చూపించాలి, అద్దె కూడా చూపించాలి. చూపించకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు.

ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. నేను కళ్లతో చూసింది ఒకటి చెబుతాను. మా తమ్ముడు షార్జాలో ఏసీ ఫోర్‌మన్. 14 ఏళ్ల కూడబెట్టు డబ్బుతో 2008లో దుబాయ్‌లో ఒక స్టూడియో ఫ్లాట్ బుక్ చేశాడు. మూడు వాయిదాల్లో 78 వేల దిర్హమ్‌లు కట్టాడు. ఆ ఏడాది చివర్లోనే మార్కెట్ కూలింది. 2010 మొదట్లో నేను చూడటానికి వెళ్లినప్పుడు, ఒక శుక్రవారం నన్ను బస్సులో అక్కడికి తీసుకెళ్లాడు. చుట్టూ నీలం రేకుల కంచె. దాని మీద ఎండకు వెలిసిపోయిన టవర్ బొమ్మ. రెండు రేకుల సందులోంచి చూస్తే పునాది గొయ్యిలో పచ్చగా నీళ్లు నిలిచి ఉన్నాయి. ‘అక్కా, మనది పదకొండో అంతస్తు’ అని ఆకాశంలోకి చెయ్యి చూపించాడు. నేనేమీ అనలేకపోయాను.

రూముకు వచ్చాక రసీదులు చూపించమన్నాను. మూడూ కంపెనీ సొంత కరెంట్ ఖాతాకు కట్టినవే. ఎస్క్రో అన్న మాట ఎక్కడా లేదు. అప్పటికి ఆ చట్టం వచ్చి ఏడాది దాటింది! రోజంతా ఊళ్లో వాళ్లందరికీ ఖాతా పేరు సరిచూసి చెప్పే నేను, సొంత తమ్ముణ్ని ఫోన్లో ఒక్కసారి అడగలేదు. ఆ డబ్బు రాలేదు. ఆ రసీదులు ఇప్పటికీ మా ఇంటి బీరువాలోనే ఉన్నాయి. ఎవరు ఏ దేశంలో ఏం కొంటామన్నా నేను మొదట ఖాతా పేరు అడగడం అప్పటి నుంచే.

మన హైదరాబాద్‌లో ప్రీ-లాంచ్ అంటూ రెరా నంబరు కూడా లేకుండా డబ్బు తీసుకునేవాళ్లను చూశాం కదా. ఆ ఎక్స్‌పో బల్ల దగ్గరా నమోదు నంబరు ఏది, డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తుంది అని అడగండి. కొనాలనే ఉంటే సెలవు పెట్టి వెళ్లి, ఆ స్థలాన్ని మధ్యాహ్నం ఎండలో ఒకసారి నడిచి చూసి రండి.

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. డేటింగ్ యాప్‌లో ఒక అబ్బాయి పరిచయం. మొదటిసారి తన ఫ్లాట్‌కే రమ్మంటున్నాడు. ఇద్దరం కలిసి ఇల్లు అద్దెకు తీసుకుందామని పాస్‌పోర్టు కాపీ అడుగుతున్నాడు. ఇంట్లో చెప్పలేను.
– మీ పాఠకురాలు

జవాబు: చెల్లీ, మొదటిసారి మనుషులున్న చోటే కలవాలి. వెళ్లేదీ వచ్చేదీ నీ సొంత ఏర్పాటు మీదే. నీ రూమ్‌మేట్‌కు లైవ్ లొకేషన్ పెట్టు. ‘పదింటికి ఫోన్ చేస్తాను, ఎత్తకపోతే ఊరుకోకు’ అని చెప్పి వెళ్లు. అక్కడ చాలా పబ్బుల్లో, బార్లలో ‘ఏంజెలా ఉన్నారా?’ అని సిబ్బందిని అడిగితే నువ్వు ఇబ్బందిలో ఉన్నావని అర్థం చేసుకుని, గొడవ లేకుండా బయటికి పంపే ఏర్పాటు ఉంది. మొబైల్ నుంచి అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి మాట్లాడలేని పరిస్థితి వస్తే, వాళ్లు అడిగినప్పుడు 55 నొక్కు. ఫోన్ పోలీసులకు కలుపుతారు.

పాస్‌పోర్టు కాపీ ఇవ్వకు. అద్దె ఇంటికి నీ కాగితాలు చూడాల్సింది ఇంటి యజమానో ఏజెంటో, అతను కాదు. ఫొటోలు ఏవైనా పంపి ఉంటే, వాటితో బెదిరిస్తే, డబ్బు పంపకు, మెసేజ్‌లు చెరిపేయకు. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైటులో నమోదు చేస్తే, ఆ ఫొటో నీ ఫోన్ దాటి వెళ్లకుండానే దాని డిజిటల్ గుర్తు పెద్ద సోషల్ మీడియా సంస్థలకు చేరుతుంది. వాళ్ల వేదికల మీద అది కనిపిస్తే అడ్డుకుంటారు. ఇంట్లో చెప్పలేకపోతే యూనివర్సిటీలో విద్యార్థుల సహాయ విభాగం ఉంటుంది, అక్కడ చెప్పు. నాకు రాసినా సరే.

ప్రశ్న: నా వయసు 61. భార్య పోయి మూడేళ్లు. ఫేస్‌బుక్‌లో లండన్ నర్సు ఒకామె పరిచయమైంది. బహుమతి పంపానంది. ఢిల్లీ ఎయిర్‌పోర్టు కస్టమ్స్ నుంచంటూ ఫోన్ వస్తే మొదట 35 వేలు, తర్వాత 1,10,000 కట్టాను. ఇప్పుడు సైబర్ పోలీసులమంటూ వేరే ఫోన్. ఫీజు కడితే డబ్బు తిరిగి ఇప్పిస్తారట. అమ్మాయికి తెలిస్తే ఏమనుకుంటుందో.
– అనకాపల్లి

జవాబు: ఈ మూడో ఫోన్ కూడా వాళ్లదే అన్నగారూ. ఒక్క రూపాయి కట్టకండి. కస్టమ్స్ వాళ్లు ఫోన్ చేసి ఎవరి సొంత ఖాతాలోనో సుంకం వేయమనరు. వాళ్లు పంపే ప్రతి కాగితం మీద డిన్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది. అది నిజమో కాదో వాళ్ల సైటులోనే సరిచూసుకోవచ్చు. పోలీసులు కూడా డబ్బు ఇప్పించడానికి ఫీజు అడగరు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రోజులు గడిచాయని ఆగొద్దు. మీ పాస్‌బుక్ దగ్గర పెట్టుకుని, ఏ తేదీన ఏ ఖాతాకు ఎంత వెళ్లిందో, లావాదేవీ నంబర్లతో సహా చెప్పండి. ఆ ఖాతాల్లో ఏమైనా మిగిలి ఉంటే ఆపే ప్రయత్నం చేస్తారు. మీ బ్యాంకు బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. ఆమెతో నడిచిన మెసేజ్‌లు అలాగే ఉంచండి.

అమ్మాయికి ఈ రాత్రే చెప్పండి. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నింపడానికి, స్క్రీన్‌షాట్లు ఎక్కించడానికి పక్కన ఒక మనిషి కావాలి. మొదట కొంచెం కోప్పడుతుందేమో. తర్వాత తనే మీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.