విక్కాలోకి వచ్చాక కూడా ఏసంటే, మగ్దలేనే మరియంటే అభిమానం ఉండొచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది: క్రైస్తవ కుటుంబంలో పుట్టారు, ఇప్పుడు విక్కా, అంటే ప్రకృతినీ దేవతనూ కొలిచే, మంత్రవిద్యతో కూడిన ఆధునిక మతం, పాటిస్తున్నారు. అయినా ఏసన్నా, ఆయన శిష్యురాలు మగ్దలేనే మరియన్నా మనసులో అభిమానం పోలేదు. ఇది రెండు పడవల మీద కాళ్లు పెట్టడమా అని మీ బెంగ. అవ్వ ఇచ్చిన ఏసు పటం ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియడం లేదని కూడా రాశారు.

అభిమానం ఉంటే తప్పేమీ లేదు. నాది చిత్తూరు, ఉద్యోగం తిరుపతిలో. నేనూ సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టి ప్రైజులు తెచ్చుకున్న మనిషినే. విక్కాలోకి వచ్చి చాలా కాలమైంది. ఇప్పటికీ నాకు అత్యంత ఇష్టమైనవాళ్లలో సగం మంది చర్చిలో పరిచయమైనవాళ్లే.

విక్కాలో పాత దేవుణ్ని తిట్టి రమ్మని ఎవరూ అడగరు. ఇంగ్లండులో మంత్రవిద్య మీదున్న పాత చట్టం 1951లో రద్దయ్యాక జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఇంగ్లిషాయన దీన్ని లోకానికి బాహాటంగా చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటినుంచీ దీనికి పోపు లేడు, బిషప్పు లేడు, అందరూ లేచి నిలబడి ఒప్పజెప్పాల్సిన విశ్వాస ప్రమాణమూ లేదు. దీక్ష ఇచ్చే బృందాలున్నాయి, వాళ్ల కట్టుబాట్లు వాళ్లవి. మనలాగా ఒంటరిగా చేసుకునేవాళ్లకు ఉన్నదల్లా ఎవరికీ హాని చేయకుండా నీ ఇష్టప్రకారం నడుచుకో అనే ఒక్క మాట. మంచి మనిషిని తలుచుకుంటే ఎవరికి హాని?

కాకపోతే నేను పెట్టుకున్న షరతు ఒకటుంది. వాళ్లను వాళ్లలాగే అభిమానించాలి, మన బట్టలు తొడగకూడదు. ఇంటర్నెట్‌లో చూసే ఉంటారు, ఏసు రహస్యంగా మాంత్రికుడని, మరియ దేవతా పూజారిణి అని రాసేస్తుంటారు. నాకది నచ్చదు. మరియ సంగతే తీసుకోండి. ఆమెను వేశ్య అని సువార్తల్లో ఎక్కడా లేదు. ఆ ముద్ర 591లో పోపు గ్రెగరీ చేసిన ప్రసంగంతో బలపడింది, వందల ఏళ్లు ఆమెను వదల్లేదు. ఒకళ్లు వేశ్య అన్నారు, ఇప్పుడు మనవాళ్లు పూజారిణి అంటున్నారు. ఆమెను ఆమెలా ఉండనిచ్చినవాళ్లు ఎవరు? మగ శిష్యులు ఏసు సమాధి చూసి ఇళ్లకు వెళ్లిపోతే, అక్కడే నిలబడి ఏడ్చిన మనిషి ఆమె. అభిమానించడానికి నాకది చాలు.

ఏసు విషయమూ అంతే. ఆయన నా పాపాల కోసం చనిపోయాడని నేనిప్పుడు నమ్మను. రాళ్లు పట్టుకుని ఒక ఆడమనిషి మీదికి వచ్చిన గుంపు ముందు వంగి, నేల మీద వేలితో ఏదో రాస్తూ కూర్చున్న ఆ మనిషంటే మాత్రం ఇప్పటికీ గౌరవమే. బయటికి వచ్చిన కొత్తలో కొందరు పాస్టర్ మీది కోపాన్ని ఏసు మీద చూపిస్తారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు.

నా అసలు అభిమానం ఐడా స్కడర్ మీద. చిత్తూరు వాళ్లకు ఆమె గురించి చెప్పక్కర్లేదు. మా ఊళ్లో కేసు కాస్త ముదిరిందంటే అందరూ అనేది ఒకటే, "వేలూరు తీసుకుపోండి." ఆ వేలూరు ఆసుపత్రి ఆమెదే. 1870లో రాణిపేటలో పుట్టిన మిషనరీ కుటుంబం పిల్ల. ఈ దేశంలో ఉండే ఉద్దేశం లేదు, జబ్బుపడ్డ తల్లిని చూసుకోవడానికి అమెరికా నుంచి వచ్చింది. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వేర్వేరుగా తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై పడి ఉన్నారు. నాన్నగారు డాక్టరే, వస్తాడు అంటే మగ డాక్టరు వద్దన్నారు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆ పిల్ల మళ్లీ అమెరికా వెళ్లి డాక్టరై తిరిగొచ్చి, 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది, 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచింది. మా అవ్వ ఏసు పటం పక్కనే ఆమె ఫోటో పెట్టుకుని, ప్రార్థన ముగిశాక రెండిటికీ ఒకేసారి దండం పెట్టేది. పాస్టర్ వారిస్తే, "ఈమె లేకుంటే నీ అమ్మ నిన్ను కనేదా?" అనేది.

ఐడాను తలుచుకున్నప్పుడల్లా ఒక సంగతి నేను దాటవేయను. ఆమె చేసిందంతా క్రీస్తు పేరు మీదే చేసింది. నేనిప్పుడు ఆమె ఎదుట నిలబడి విక్కన్‌నని చెబితే, నా కోసం మోకాళ్ల మీద పడి ప్రార్థన చేసేదేమో. చేయనీ. ఆమె విశ్వాసాన్ని పక్కకు తీసేసి ఆసుపత్రి ఒక్కటే ఉంచుకుంటే అది అభిమానం కాదు, దొంగతనం.

మీరు బైబిల్ మూసేసి అటకెక్కించి ఉంటే ఒకసారి దించండి. మొదటి సమూయేలు 28వ అధ్యాయం, చనిపోయినవాళ్ల ఆత్మలను పిలిచే ఏన్దోరు ఊరి ఆవిడ. చర్చిలో ఆమెను ఎప్పుడూ హెచ్చరికగానే చెప్పారు. మళ్లీ చదివితే నాకు వేరే మనిషి కనిపించింది. సోదె చెప్పేవాళ్లను దేశం నుంచి తరిమిన సౌలు రాజే, వేషం మార్చుకుని రాత్రిపూట ఆమె గుమ్మం తొక్కాడు. ఆయనెవరో తెలిసి ఆమె వణికిపోయింది. ఆమె పిలిస్తే వచ్చిన సమూయేలు ప్రవక్త ఆత్మ, తెల్లారితే నీకు చావే అన్న మాట విని రాజు నేలమీద కుప్పకూలాడు, అప్పటికే పగలంతా రాత్రంతా ఏమీ తినలేదు. అప్పుడు ఆవిడ ఏం చేసిందో చూడండి. తనవాళ్లను వెళ్లగొట్టిన మనిషిని బతిమాలి, ఇంట్లో ఉన్న కొవ్విన దూడను కోసి, పిండి పిసికి, రొట్టెలు కాల్చి పెట్టింది. ఎవరికీ హాని చేయకూడదనే మన మాట ప్రకారం చూస్తే ఇంతకంటే పెద్ద మంత్రగత్తె ఎవరున్నారు నాకు చెప్పండి!

పాతది వదిలినా అందులో మంచిని మోసుకుపోవడం తెలుగు క్రైస్తవులకు కొత్తేం కాదు. పురుషోత్తమ చౌదరి 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో క్రైస్తవం తీసుకున్నారు. మతం మార్చారు గానీ రాగతాళాలు మార్చుకోలేదు. ఆయన కీర్తనలు ఇప్పటికీ మన చర్చిల్లో పాడుతున్నారు. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్తే నేనూ అమ్మ పక్కన నిలబడి పాడతాను. విక్కాలో చలికాలపు పండగ యూల్, అది అప్పటికి అయిపోయి ఉంటుంది, క్లాష్ ఏమీ లేదు.

ఇక మీరు అడగనిది ఒకటి. దేవతే కావాలంటే ఇక్కడే గంగమ్మ ఉందిగా, ఇంగ్లండు దాకా ఎందుకు అని తిరుపతిలో స్నేహితులు నన్ను ఆటపట్టిస్తారు. తాతయ్యగుంట గంగమ్మ జాతర ప్రతి మే నెలలో చూస్తాను, బైరాగి వేషం, మాతంగి వేషం, చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ ఆమెను నా లిస్టులో కలిపేసుకోను. ఆ వేషం కట్టే కుటుంబాలది ఆమె. ఏసు విషయంలో పెట్టుకున్న షరతే ఇక్కడా.

విక్కా గురించి ఎవరికి చెప్పాలో చూసి చెప్పండి. మన పల్లెల్లో చేతబడి అనే అనుమానం ఒక్కటి చాలు, మనుషుల్ని కొట్టి చంపడానికి. నేను పౌర్ణమికి మేడ మీద పూజ చేసుకునే వలయాన్ని ముగ్గుపిండితోనే గీస్తాను. ఆ రాత్రి కొండమీద గరుడ సేవ, కింద ఓనరు ఆంటీ నాదీ ఏదో వ్రతం అనుకుని ప్రసాదం పంపిస్తుంది. వద్దనడం ఎందుకు, తింటాను.

అవ్వ ఇచ్చిన పటం గురించి: పూజ చేసుకునే బల్ల మీద మాత్రం పెట్టొద్దు. కప్పు, కత్తి, కొవ్వొత్తి మధ్య ఏసును చూస్తే మీ అమ్మగారు బాధపడతారు, మీ కళ్లకూ అది అబద్ధంలా కనిపిస్తుంది. అలాగని బీరువాలో చీరల కింద దాచొద్దు. హాల్లో, ఇంటి పెద్దల ఫోటోలున్న గోడకు తగిలించండి. పటం వెనక అవ్వ చేతిరాతతో పేరో తేదీయో ఉంటే ఫ్రేమ్ మార్చేటప్పుడు దాన్ని చింపేయకుండా చూసుకోండి. పాస్టర్ ఇంటికి వచ్చి, మళ్లీ చర్చికి వస్తున్నావా అని ఆ పటం చూసి ఆశగా అడిగితే, రావడం లేదండీ, కాఫీ తాగి వెళ్లండి అనండి.