ఆ సారు రిటైరయ్యేలోపు

అమ్మలూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. మీ ఆఫీసులో మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీదున్న పాతకాలపు కోబాల్ భాష ప్రోగ్రాముల్ని జావా భాషలోకి మార్చే టీములో నిన్ను వేశారట, పొద్దున్నే అయిదింటికి లేచి జావా చదువుతున్నావట. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యకి రెండుసార్లు చెప్పాను. మూడోసారి మొదలెట్టబోతే "విన్నానండీ" అంది. తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు తిట్లు. ఉద్యోగం మానేసి ఆరునెలలు కోర్సులో కూర్చుంటానన్నావట, బుద్ధుందా? 1998లో అమీర్‌పేటలో నేను కోబాల్ నేర్చుకున్నప్పుడు ఒక్క గదిలో ఎనభై మందిమి, ఒకటే ఫ్యాను. వైటూకే హడావుడి అది, 2000 సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములు తేదీలు తప్పుగా లెక్కపెడతాయన్న భయం. రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం వస్తే చాలు, విమానం ఎక్కించేవారు. ఇప్పుడు జావా వచ్చినవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. ముప్ఫై ఏళ్ళనాటి ప్రోగ్రాము చదివి, అందులో లెక్క ఏమిటో పట్టుకుని, దాన్నే జావాలో రాయగలిగేవాళ్ళే దొరకరు. జీతం ఇచ్చి మరీ నీకు నేర్పుతున్నారు, వదులుకుంటావా?

గిట్ నేర్చుకో, ప్రోగ్రాములో ఎవరేం మార్చారో గుర్తుపెట్టే సాధనం అది. ఇంట్లో సాధనకి, మామూలు కంప్యూటర్‌లో కోబాల్ నడిపే గ్నూకోబాల్ ఉచితమే, దించుకో. డబ్బు లెక్కల్లో జావాలోని డబుల్ రకం అంకెలు వాడకు, దశాంశాల్ని ఉన్నదున్నట్టు ఉంచే బిగ్‌డెసిమల్ వాడు; డబుల్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. ఫైళ్ళు మార్చేటప్పుడు సార్టింగ్, అంటే వరసలో పేర్చడం, చూసుకో. మెయిన్‌ఫ్రేమ్ వాడే ఎబ్సిడిక్ కోడ్‌లో అక్షరాలు ముందు, అంకెలు వెనక. మామూలు కంప్యూటర్ల ఆస్కీ కోడ్‌లో అది తిరగబడుతుంది. ఇవన్నీ నీకు నాకంటే బాగా వచ్చేస్తాయి, వీటి గురించి నాకు బెంగ లేదు.

నా బెంగ వేరు. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

2004లో అమెరికాలో ఒక బ్యాంకులో ఉన్నాను. వడ్డీ లెక్కకట్టే ప్రోగ్రాము జావాలోకి మార్చే పని నాకిచ్చారు. కోబాల్‌లో కంప్యూట్ అని ఒక లైను. దాని పక్కన రౌండెడ్ అన్న మాట లేదు. అది లేకపోతే కోబాల్ దగ్గరి సెంటుకి సవరించదు, మిగిలిన దశాంశాల్ని కత్తిరించి పారేస్తుంది. 1,237 డాలర్లకి నాలుగున్నర శాతం చొప్పున నెల వడ్డీ 4.63875. కోబాల్ 4.63 రాస్తోంది. ఇరవై ఏళ్ళుగా తప్పు జరుగుతోంది, ఎవరూ చూసుకోలేదనుకున్నాను. జావాలో హాఫ్ అప్, అంటే సగం గానీ ఆపైన గానీ మిగిలితే పైకి సవరించేది, పెట్టి 4.64 చేశాను. ఎవరికీ చెప్పలేదు. మంచి పని చేశాననే అనుకున్నా.

టెస్టు చేశావా మామయ్యా అంటావేమో, చేశాను. వెయ్యి, రెండు వేలు, అయిదు వేలు... పది ఖాతాలు నేనే తయారుచేసుకున్నాను. వెయ్యికి 3.75, రెండు వేలకి 7.50, అయిదు వేలకి 18.75. గుండ్రటి అంకెలు కదా, కత్తిరించడానికి ఏమీ మిగల్లేదు. పదికి పదీ సరిపోయాయి.

శుక్రవారం రాత్రి కొత్తది ఎక్కించాం. ఖాతాలు రెండు లక్షలు. అందులో దాదాపు సగానికి తలా ఒక సెంటు పెరిగింది, అంటే సుమారు వెయ్యి డాలర్లు. ఖాతాల మొత్తాలు చూసే లెడ్జర్ ప్రోగ్రాము ఇంకా కోబాల్‌లోనే ఉంది, అది తన లెక్క తను కత్తిరించుకుంటూ వచ్చింది. తెల్లవారుజామున రెండింటికి ఏదీ టాలీ కావడం లేదు. మేనేజరు నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. నా చేతులు కీబోర్డు మీద వణుకుతుంటే ఒళ్ళో పెట్టుకున్నాను.

చివరికి ఆ ప్రోగ్రాము రాసిన పెద్దావిడకి ఫోన్ చేశారు. రెండు వారాల ముందే రిటైరైంది. స్పీకర్‌లో నిద్రమత్తు గొంతుతో, "మర్చిపోవడం కాదది. ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చే కాగితంలోనే రాసుంటుంది, సెంటులో ముక్కలు మేం ఇవ్వం అని" అంది. ఆవిడ వీడ్కోలు పార్టీకి నేనూ వెళ్ళాను. కేకు రెండు ముక్కలు తిన్నాను. ఆర్నెల్లు ఆవిడకి నాలుగు బల్లల అవతలే కూర్చుని ఒక్క మాటా అడగలేదు. అడిగితే నాకు రాదనుకుంటుందని సిగ్గు.

సోమవారం పాతదాన్నే తిరిగి పెట్టారు. నా ఉద్యోగం పోలేదు. ఇప్పటికీ శుక్రవారం సాయంత్రం ఎవరైనా "ఎక్కించేద్దాం" అంటే కడుపులో తిప్పుతుంది.

అందుకే నువ్వు నీ సొంత అంకెలతో టెస్టు చేయకు. నిజం ఖాతాలు ఒక నెలవి, పేర్లూ నంబర్లూ మరుగుపరిచి, పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ నడిపి, పైసా పైసా పోల్చి చూడు. తేడా వస్తే ముందు పాతదే సరైనదనుకో. వింతగా ఉన్న ఇఫ్, అంటే షరతు, కనబడితే తీసేయకు. ఏఐని అడిగితే ఆ ఇఫ్ ఏం చేస్తుందో చక్కగా చెప్తుంది. ఎందుకు పెట్టారో మాత్రం, ఎక్కడా రాసిలేకపోతే, దానికెలా తెలుస్తుంది?

రాత్రి పన్నెండు దాకా కూర్చుని మళ్ళీ అయిదింటికి లేవకు తల్లీ. చిన్నప్పుడు కూడా పరీక్షలప్పుడు ఇలాగే చేసి జ్వరం తెచ్చుకునేదానివి. మీ అమ్మ పంపిన కందిపొడి అయిపోతే చెప్పు, మీ అత్తయ్య కొడుతుంది.

మీ టీములో ముప్ఫై ఏళ్ళుగా ఆ ప్రోగ్రాములు చూస్తున్న సారు మార్చిలో రిటైరవుతున్నారటగా. నాకు నిద్ర పట్టనిది అక్కడే. సోమవారం నోట్‌బుక్ పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్ళు. తెలివైన ప్రశ్నలు అక్కర్లేదు. "ఇదెందుకండీ ఇలా రాశారు?" అను, చాలు. ఆయనకి షుగరట, మీ అమ్మే చెప్పింది. కాఫీ తీసుకెళ్తే పంచదార లేకుండా తీసుకెళ్ళు.

మీ మామయ్య