మంచు పక్కనే కరువు

పాఠకుల ప్రశ్నలకు అనంతపురం రిటైర్డ్ భూగోళం మాస్టారి జవాబులు

ప్రశ్న: సార్, మా అబ్బాయి మిలటరీలో, లడఖ్‌లోని లేహ్‌లో ఉన్నాడు. ఫోటోల్లో చూస్తే కొండలు మన వైపు లాగే బోడిగా ఉన్నాయి, వెనకేమో మంచు. అంత మంచున్న చోట చెట్టూ చేమా ఎందుకు లేవు? అక్కడా నీళ్లకు కటకటే అంటాడు, నిజమేనా?
– ఒక తల్లి, కళ్యాణదుర్గం

జవాబు: నిజమేనమ్మా. మీవాడు ఒక కరువు సీమ నుంచి ఇంకో కరువు సీమకు పోయినాడు. నైరుతి మేఘాలు పడమటి కనుమలకు తగిలి, కర్ణాటకలోని ఆగుంబే వైపే కుమ్మరించి, మన దాకా వచ్చేసరికి వట్టి గాలి మిగులుతుంది. అక్కడ కనుమల బదులు హిమాలయాలు అడ్డం. మన జిల్లాకు ఏడాదికి 550 మిల్లీమీటర్లన్నా పడుతుంది. లేహ్‌లో వానా మంచూ కలిపినా 100 దగ్గరే.

చెట్లు లేవంటే అందరూ ఎత్తు మీదికి తోస్తారు. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. వాన బాగా పడే ఉత్తరాఖండ్ వాలుల్లో ఆ ఎత్తులో కూడా భూర్జ చెట్లు పెరుగుతాయి. ఇంకా పైకి పోతేనే, వేసవిలో సైతం చాలినంత వెచ్చదనం లేక, చెట్లు ఆగిపోయి గడ్డి మొదలవుతుంది. లేహ్‌లో లేనిది తడి. కాలువ పారే చోట చూడమనండి, పాప్లర్లూ విల్లోలూ వరసగా ఉంటాయి.

మంచు ఉంది గానీ అదునుకు దిగిరాదు. బార్లీ విత్తేది ఏప్రిల్, మే నెలల్లో. పైనున్న హిమానీనదాలు గట్టిగా కరిగేది జూన్ వచ్చాక. అందుకే ఛెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజినీరు చలికాలంలో వృథాగా పోయే వాగునీటిని ఊరి దగ్గర, నీడపట్టున గడ్డ కట్టించాడు. ఎత్తు తక్కువ కాబట్టి అది ముందే కరుగుతుంది. 2013-14 చలికాలంలో ఇంకో ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్ ఆ మంచును శంకువులా నిలబెట్టాడు. ఎగువ నుంచి పైపులో దిగిన నీళ్లు ఆ ఒత్తిడికే పైకి చిమ్మి, రాత్రి చలికి గడ్డ కడతాయి. నిటారుగా ఉంటుంది కాబట్టి ఎండ తగిలే మేర తక్కువ. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. మన బోర్ల ఖర్చు చూసినవాణ్ని, నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఆ నీళ్లను పొలాలకు వంతులేసి వదిలే మనిషిని చుర్పోన్ అంటారు. మన చెరువుల కింద నీరుగంటి చేసిన పనే. మనం ఆ పనిని చాలా ఊళ్లలో పోగొట్టుకున్నాం.

ఇళ్లూ మట్టి మిద్దెలే. మా నాయన ఏటా వానలకు ముందు మిద్దె మీద చౌడు పోయించేవాడు, వాన తక్కువ సీమలో అది చాలు. 2010 ఆగస్టులో లేహ్‌లో ఒక్క రాత్రి కుంభవృష్టి కురిసేసరికి వరదా బురదా కలిసి అలాంటి ఇళ్లెన్నిటినో ఊడ్చుకుపోయాయి.

ప్రశ్న: లడఖ్ టూరులో గిన్నెలో కందిపప్పు పెడితే ఎంతసేపటికీ మెత్తబడలేదు. గ్యాస్ తప్పా, పప్పు తప్పా?
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: రెండిటిదీ కాదు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ, నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి. మంట పెంచితే ఆవిరి ఎక్కువవుతుంది, వేడి కాదు. ఈసారి కుక్కర్ తీసుకుపోండి.

ప్రశ్న: కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి చలెందుకు?
– ఒక విద్యార్థి, ఆదోని

జవాబు: సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు నాయనా. ఎవరెస్ట్ ఎక్కినా తగ్గేది తొమ్మిది కిలోమీటర్ల లోపే. గాలిని ఎక్కువగా వేడెక్కించేది ఎండకు కాగిన నేల. ఆ గాలి పైకి లేచేకొద్దీ ఒత్తిడి తగ్గి, వ్యాకోచించి చల్లబడుతుంది, సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు. ఎండ మాత్రం పలచటి గాలిలో ఇంకా ఘాటు. మంచు మీద నడిచేవాళ్లు నల్ల కళ్లద్దాలు పెట్టుకునేది స్టైల్ కోసం కాదు.